ఆరు ఇంకాలు

మా అక్కకు కాలేజీ ఆసుపత్రిలో 'ఇంకా మేడం' అని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి చెవులు బాగానే పనిచేస్తాయి. రెండో అంతస్తులో రక్తం తీసే గదికీ ఎక్స్‌రే గదికీ మధ్య ఒక ఇరుకు గది ఉంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి అందులోంచి ఆవిడ గొంతే వినిపిస్తూ ఉంటుంది. "ఊదండి, ఊదండి, ఊదండి... ఇంకా... ఇంకా... ఆపకండి... ఇంకా..." కొత్తవాళ్లు లోపల ఎవరికో కాన్పవుతోందనుకుని గౌరవంగా దూరం జరిగిన సందర్భాలున్నాయి.

జరిగేది ఊపిరితిత్తుల పరీక్ష. బల్ల మీద మిషను, దానికొక గొట్టం, గొట్టం చివర నోట్లో పెట్టుకునే అట్టముక్క. ముక్కుకు క్లిప్పు పెడతారు. మనిషి గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి, ఉన్న గాలంతా ఒక్క ఊపులో ఊదాలి. మొదలుపెట్టడం తేలికే, చివరిదాకా ఊదడంలోనే ఉంది కష్టమంతా. రెండు మూడు సెకన్లకే అయిపోయినట్టుంటుంది. నిజానికి అయిపోదు, అడుగున ఇంకా ఉంటుంది. అది బయటికి రావాలంటే పక్కన ఎవరో ఒకరు నిలబడి వదలకుండా అడగాలి. అలా అడగడమే మా అక్క ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్లుగా అడుగుతూనే ఉంది.

నేను ఆవిడకు పదకొండేళ్లు చిన్న. యోగా మాస్టార్ని. యోగా మాస్టారికి కోపం రావచ్చా అని అడుగుతుంటారు. కోపం రానివాడికి యోగా ఎందుకండీ?

చిన్నప్పుడు నాకు ఉబ్బసం. అమ్మ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేది, నాన్న లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. నా ఛాతీలో పిల్లికూతలు మొదలైతే నన్నెత్తుకుని పరుగెత్తాల్సింది అక్కే. నాకు ఏడేళ్లప్పుడు ఇదే గదికి తీసుకొచ్చింది. అప్పటి టెక్నీషియన్ ఒక పెద్దాయన. మాట ఖర్చు పెట్టడం ఇష్టముండేది కాదు. "ఊదు" అని ఒక్కసారి అనేసి మిషను వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను సగంలో ఆపేశాను. రెండోసారీ అంతే. మూడోసారి అక్కకు చిర్రెత్తుకొచ్చింది. నా వీపు మీద చెయ్యి వేసి, "ఇంకా నాన్నా, ఇంకా, నా బంగారం కదూ, ఇంకా" అని మొదలుపెట్టింది. నేను కళ్లు తేలేసేదాకా ఊదాను. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"నాకంటే నువ్వే నయమమ్మా. ఇంటర్ పాసయ్యావా?"

"అయ్యానండి."

"ఇక్కడ కోర్సుంది. చేరిపో."

ఆ ఉబ్బసం పుణ్యమా అని ఆవిడకు ఉద్యోగం వచ్చింది, నాకు యోగా పట్టుబడింది. ఇంట్లో జబ్బు పడ్డవాడు కూడా అప్పుడప్పుడు ఇలా పనికొస్తాడు.

అక్క పనిలో ఒక పట్టుదల ఉంది. మూడు లీటర్ల గాలి పట్టే పెద్ద పిచికారీ ఒకటి ఆ గదిలో ఉంటుంది. రోజూ పొద్దున్నే దానితో మిషనులోకి గాలి కొట్టి, తెర మీద మూడు లీటర్లని వచ్చాకే మొదటి మనిషిని పిలుస్తుంది. జ్వరమొచ్చినా, బయట జనం గొడవ చేసినా అది మానలేదు. "మిషను నిజం చెబుతోందా లేదా అని పొద్దున్నే అడిగేస్తాను. తర్వాత రోజంతా దాన్ని నమ్ముతాను" అంటుంది. మా బావ కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. ఇంట్లో పాలగిన్నెకు కూడా ఈ పరీక్ష పెడుతుందని ఆయన ఫిర్యాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. అదే ఆసుపత్రిలో పీజీ చదివే ఒక డాక్టరమ్మ ఒక పరిశోధన తలపెట్టింది. ఒళ్లు కదపని కుర్రకారుకు యోగా నేర్పితే ఊపిరితిత్తుల బలం పెరుగుతుందా, పెరిగితే ఎంత అన్నది ప్రశ్న. కాలేజీలో ఒళ్లు కదపనివాళ్లకు కరువా? నోటీసు పెట్టిన రెండు రోజుల్లో నలభై మంది దొరికారు. మెట్లెక్కే అలవాటుందా అని అడిగితే "కరెంటు పోతే ఎక్కుతానండి" అన్నాడొక పొడుగాటి కుర్రాడు. వాడికి అక్కడికక్కడే లిఫ్టు బాబు అని పేరు పడిపోయింది. ఆటలాడతావా అంటే ఒకమ్మాయి ఫోన్ చూపించింది. చీటీలు తీసి ఇరవై మందిని నా క్లాసుకు పంపారు, మిగతా ఇరవై మందిని మీ పద్ధతిలోనే ఉండండని వదిలేశారు. లిఫ్టు బాబు ఈ రెండో జట్టులో పడ్డాడు. అదృష్టవంతుణ్ణని అందరికీ చెప్పుకున్నాడు.

మొదటి పరీక్షలో రెండు జట్లూ ఇంచుమించు సమానం. సగటున మూడు లీటర్ల చిల్లర. పన్నెండు వారాల తర్వాత మళ్లీ కొలవాలి.

ఈ పన్నెండు వారాల మీద నేను పెట్టుకున్న ఆశ చెప్పాలి. ఆరేళ్లుగా ఆ కాలేజీలో నాది తాత్కాలికపు కొలువు. మా ఆవిడ ఇంకో ఊళ్లో స్కూల్ టీచరు, రైల్లో ఐదు గంటల దారి. నాలుగేళ్ల మా పాప ఆవిడ దగ్గరే ఉంటుంది. నేను అక్కావాళ్ల మేడ మీద గదిలో ఉంటూ శనివారం వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. పాప నన్ను ఫోన్లో "నాన్నా" అనేది, ఎదురుగా కనిపిస్తే ముందు కాస్త సిగ్గుపడేది. అది నాకు ముల్లులా గుచ్చుకునేది. ఈ పరిశోధన ఫలితం బాగా వస్తే యోగాకు పర్మనెంటు పోస్టు, దానితో క్వార్టర్సు ఇప్పిస్తానని ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. ముగ్గురం ఒక ఇంట్లో ఉండొచ్చు. నాకు కావలసింది అంతే.

అందుకని ఆ ఇరవై మందినీ వదల్లేదు. మొదటి వారం తాడాసనంలో చేతులు పైకెత్తమంటే వేలాడదీసిన చొక్కాల్లా నిలబడ్డారు. భుజంగాసనంలో బోర్లా పడుకోమన్నప్పుడు మాత్రం చాలా బాగా చేశారు, తల ఎత్తమన్నప్పుడే ఇబ్బంది. ఆరో వారానికి పక్కటెముకలు విచ్చుకోవడం నాకు కంటికి తెలిసింది. పదో వారానికి నాడీశోధనలో ఒక్కొక్కరు నెమ్మదిగా, తొందరపడకుండా గాలి తీసుకుంటుంటే హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఇంటికొచ్చి అక్కకు రోజూ చెప్పేవాణ్ణి. ఆవిడ కూరగాయలు తరుగుతూ, "ఫోన్ పిల్ల వచ్చిందా? ఆ మోకాలు నొప్పివాడికి తగ్గిందా?" అని అడిగేది. క్లాసుకు రాకుండానే ఇరవై మందీ ఆవిడ సొంతమైపోయారు.

రెండో పరీక్ష మూడు రోజులు జరిగింది. నా పిల్లలకు అర లీటరు పెరిగింది. రెండో జట్టు ఎక్కడి గొంగళి అక్కడే. డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, అర లీటరంటే మాటలా? ఇంత వస్తుందని నేను అనుకోలేదు." ప్రిన్సిపాల్ గారు ఫైలు కదపమన్నారు. నేను మా ఆవిడకు ఫోన్ చేసి, పాపకు ఇక్కడ స్కూలు చూడమంటావా అని కూడా అడిగేశాను.

ఆ ఆనందం మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది. లిఫ్టు బాబు తన రిపోర్టు కాపీ కోసం అక్క గదికి వచ్చాడట. కాగితం తీసుకుంటూ, ఎగతాళికే అన్నాడట.

"మేడం, నన్ను నాలుగు ఇంకాలకే వదిలేశారు. నా ముందువాడికి తొమ్మిది అన్నారు. బయట బెంచీ మీద పనేం లేక లెక్కపెట్టాను. పైగా వాణ్ణి నాన్నా అన్నారు. నన్ను అదీ అనలేదు."

అక్క నవ్వేసి పంపించింది. ఆ తర్వాత నవ్వలేకపోయింది. మిషను ప్రతి ఊదుడుకూ ఎన్ని సెకన్లు పట్టిందో అచ్చు వేస్తుంది. ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద ఎనభై కాగితాలు పరిచింది. మొదటి పరీక్షలో అందరిదీ ఐదు సెకన్ల చుట్టుపక్కలే. రెండో పరీక్షలో నా పిల్లలు ఎనిమిది సెకన్లు ఊదారు. మిగతావాళ్లు నాలుగున్నర.

"వీళ్లకు బలం పెరిగింది, ఎక్కువసేపు ఊదారు. అందులో వింతేముందక్కా?" అన్నాను.

"కొంత అదే కావచ్చు. కానీ ఎవరు నీ పిల్లలో నాకు ముందే తెలుసు. చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. వాళ్లను చూడగానే నా గొంతు లేచింది. మిగతావాళ్లను మిషను మీద ఊపిరి గీత కాస్త పడుకోగానే చాలమ్మా అనేశాను."

"మిషను అబద్ధం చెప్పదు కదా."

"మిషను చెప్పలేదురా. నేను చెప్పించాను."

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఆ ముద్దే ఇప్పుడు నా పీకల మీదికి తెచ్చింది. ఎవరికి తెలుస్తుందని అడిగాను. "లిఫ్టు బాబుకి తెలిసింది, లెక్కతో సహా" అంది. నాకు ఒళ్లు మండింది.

"తమ్ముడి కోసం ఒక్కసారి నోరు మూసుకోలేవా?"

"నోరు మూసుకోలేకే కదరా ఈ గొడవంతా వచ్చింది."

బావ నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు. నేను కంచం తోసేసి మేడ మీదికి వెళ్లిపోయాను. నోటిదాకా వచ్చిన ముద్దను సొంత అక్కే తీసేస్తోందని అనిపించింది. చిన్నప్పుడు నన్నెత్తుకుని పరుగెత్తిన మనిషని ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఆగేవాణ్ణి కానేమో.

పొద్దున్నే ఆవిడ డాక్టరమ్మకు చెప్పేసింది. ఆ అమ్మాయి కాసేపు తల పట్టుకుని కూర్చుందట. తర్వాత లేచి, మూడో పరీక్ష పెడదామంది. మిషను దగ్గర గుడ్డ తెర కట్టించింది. అక్క తెర వెనక కూర్చుంటుంది, ఆవిడకు మిషను గీత తప్ప మనిషి కనిపించడు. పిల్లలు చాపలు, సంచులు, చెప్పులు బయటే వదిలి, నోరు విప్పకుండా నంబరు చీటీతో లోపలికి రావాలి. క్లిప్పు పెట్టడం, గొట్టం పట్టించడం డాక్టరమ్మ చూసుకుంటుంది. ఒక్కో ఊదుడుకు సరిగ్గా ఆరు ఇంకాలు.

"ఆరేమిటమ్మా, కొందరికి ఎనిమిదైనా చాలవు" అని అక్క గొణిగిందట.

"ఆరు నూరైనా ఆరే మేడం. ఆ నాన్నా అనడం కూడా మానేయాలి."

అక్క ఈ ఒక్క విషయంలో పేచీ పెట్టింది. "మానను. నలభై మందికీ అంటాను. అప్పుడు సమానమే కదా?" డాక్టరమ్మ ఆలోచించి సరేనంది.

పరీక్ష రోజున నేను క్లాసు ఎగ్గొట్టి ఆ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. మంచి బుద్ధితో కాదు. అక్క నా పిల్లల దగ్గర కావాలని గొంతు తగ్గిస్తుందేమోనని అనుమానం. తగ్గిస్తే పట్టుకుని నిలదీయాలని వచ్చాను. వచ్చేవాళ్లు కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చుని, వినడం మొదలుపెట్టాను.

"ఊదు, ఊదు, ఊదు... ఇంకా నాన్నా... ఇంకా... ఇంకా..." ఆరు. కాసేపు ఆగి మళ్లీ ఆరు. మనిషికి మూడుసార్లు. పదిమంది అయ్యాక, లోపలున్నది నా క్లాసు మనిషో రెండో జట్టు మనిషో అక్క గొంతును బట్టి చెప్పాలని చూశాను. చేతకాలేదు. ఇరవైమంది అయ్యేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. ముప్పైమంది అయ్యేసరికి జీరే మిగిలింది. అయినా ఆరూ ఆరే, దేనిలోనూ ప్రేమ ఒక పిసరు తగ్గలేదు. ఎవరో తెలియని నలభై మందిని ఆవిడ నా ఏడేళ్లప్పుడు నన్ను అడిగినట్టే అడుగుతోంది. నాకు సిగ్గేసింది. కోపం పోలేదు గానీ, దాని పక్కన సిగ్గు వచ్చి కూర్చుంది.

లిఫ్టు బాబు ముఖం ఎర్రగా చేసుకుని బయటికొచ్చి నా పక్కన కూలబడ్డాడు. కాసేపు ఆయాసపడి, డాక్టరమ్మ అంకె రాసిచ్చిన చీటీ చూసుకున్నాడు.

"ఇవాళ నన్ను కూడా నాన్నా అన్నారు సార్."

"ఎంతొచ్చింది?"

"పోయినసారి కంటే మూడు వందల మిల్లీలీటర్లు ఎక్కువ. నేనేం చెయ్యలేదు సార్, ఒట్టు. ఇంత గాలి నాలో ఉందని నాకే తెలీదు."

వాడు ఆ చీటీని మడతపెట్టి జేబులో పెట్టుకున్న తీరు చూస్తే నవ్వొచ్చింది, బాధా వేసింది. పోయినసారి వాడి ఊపిరి కాగితం మీద తక్కువ పడింది. తక్కువ ఉండి కాదు, ఎవరూ గట్టిగా అడగక.

లెక్క తేలింది. నా పిల్లల అంకె కాస్త దిగింది, మిగతావాళ్ల అంకె పైకొచ్చింది. తేడా అర లీటరు నుంచి నూటయాభై మిల్లీలీటర్లకు పడిపోయింది. చిన్న టీ గ్లాసుడు గాలి. "చిన్నదే సార్, కానీ ఉంది. పన్నెండు వారాలకు ఇది తక్కువేం కాదు. ధైర్యంగా రాసుకోవచ్చు" అంది డాక్టరమ్మ. ఆ అమ్మాయి ముఖంలో దిగులు లేదు. దిగులంతా నా వాటాకు వచ్చింది.

రెండు రోజుల తర్వాత ప్రిన్సిపాల్ గారు పిలిచారు. గదిలో ఆయన, నేను, బల్ల మీద రెండు కాగితాలు. ఆయన మంచివాడే. నా క్లాసుకు వచ్చి నడుంనొప్పి తగ్గించుకున్న మనిషి. కొత్త కాగితాన్ని వేలితో కొట్టి చూపించారు.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందయ్యా. టీ గ్లాసుడు గాలి చూపించి పర్మనెంటు పోస్టు అడిగితే పైవాళ్లు నవ్వుతారు."

ఆయన అర లీటరున్న పాత కాగితాన్ని ముందుకు జరిపారు.

"ఇదీ ఆ మిషను ఇచ్చిందే కదా? ఆ అమ్మాయి పరిశోధనలో ఆవిడ కొత్తదే రాసుకోనీ, మనకేం అభ్యంతరం లేదు. మన పోస్టు ఫైల్లో ఇది పెడదాం. క్లాసు ఇన్‌ఛార్జిగా కింద నువ్వు సంతకం చెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను. నీ కష్టం నాకు తెలుసు."

ఆయన పెన్ను మూత తీసి మరీ ఇచ్చారు. అబద్ధం చెప్పి ఏం లాభం, నేను ఆ పెన్ను తీసుకున్నాను. పాప కళ్లముందు మెదిలింది. క్వార్టర్సులో కిటికీ పక్కన దాని మంచం ఎక్కడ వేయాలో కూడా నేను అప్పటికే అనుకుని ఉన్నాను. సంతకం పెట్టేస్తే ఎవరికీ తెలియదు. అక్కకు కూడా తెలియదు. కాగితం మీద రెండో జట్టు పేర్లు వరసగా ఉన్నాయి. ఏడో పేరు లిఫ్టు బాబుది. ఆ పేరు ఎదురుగా వాడిది కాని అంకె. కింద సంతకం పెడితే, వీడిలో ఉన్న గాలి ఇంతే అని నేను ఒప్పుకున్నట్టు. అక్క గొంతు బొంగురుపోయేదాకా విన్నవాణ్ణి, నావల్ల కాలేదు.

"కొత్తదే పెట్టండి సార్" అన్నాను.

"ఆలోచించుకునే అంటున్నావా?"

"ఆలోచిస్తే మనసు మారుతుందేమో సార్. ఇప్పుడే పెట్టేయండి."

ఆయన పాత కాగితాన్ని సొరుగులో వేసుకున్నారు. పోస్టు లేదు, క్వార్టర్సు లేవు. తాత్కాలికపు కొలువే ఇంకో ఆరు నెలలు పొడిగించారు. అది ఆయన చేతిలో ఉన్న పని, మనస్ఫూర్తిగానే చేశారు.

మా ఆవిడకు ఫోన్లో మొత్తం చెప్పాను. అంతా వింది. చివరికి, "సరే, శనివారం రండి" అంది. ఆ మాటలో కోపముందో లేదో ఇప్పటికీ అడగలేదు.

ఇంటికెళ్లేసరికి అక్క వంటింట్లో గట్టు దగ్గర నిలబడి ఉంది. నాలుగు రోజులుగా మా మధ్య మాటల్లేవు. ఆవిడ గొంతు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

"ఏమన్నారు?" అంది.

"ఆరు నెలలు పొడిగించారు."

"పోస్టు?"

"లేదు."

ఆవిడ స్టవ్ ఆర్పి, పీట లాక్కుని కూర్చుంది. చెంగుతో ముఖం తుడుచుకుంది, కానీ కన్నీళ్లు ఆగలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో తన పని గురించి ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

"పాపను నీ దగ్గర లేకుండా చేశాను కదరా. నా వల్లే కదా ఇదంతా."

"నీ వల్ల కాదక్కా. నా వల్లే."

"ఊరుకోరా, నన్ను ఓదార్చడానికి ఎన్నైనా చెబుతావు" అని నా తల నిమిరింది.